పేరు చెప్పని సాక్ష్యం

ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు దిగగానే ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "ఆ ఊరు ఇక్కడి నుంచి ఎంత దూరం?" అని. ప్రయాణం బాగా జరిగిందా అని అడగబోయినదాన్ని ఆగిపోయాను.

"ఏ ఊరు సార్?" అన్నాను తెలియనట్టు.

ఆయన నవ్వలేదు. చేతిసంచీ భుజానికి తగిలించుకుని, "మీరు పేరు రాయని ఊరు," అన్నారు.

ఆయన హైదరాబాదులో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. మా రాజనీతిశాస్త్రంలో పనిచేసే పరిశోధకుల సంఘం ఒకటి ఏటా ఒక పురస్కారం ఇస్తుంది. ఒట్టి అంకెల పనికి ఇవ్వరు. జనం దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు విని, ఆ మాటలనూ అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన పనికి ఇస్తారు. ఆ ఏడు చివరి వడపోతలో నా థీసిస్ మిగిలింది. తీర్పు చెప్పేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఒప్పుకున్నారనీ, మూడో ఆయనకు ఒక సందేహం ఉందనీ మా గైడు మేడం ఫోనులో చెప్పారు. ఆ సందేహం పట్టుకునే ఆయన ఎవరూ పంపకుండా తనంతట తాను ఇంత దూరం వచ్చారు.

నేను ఎమ్మిగనూరులో ఉంటాను. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. రోజూ ఆ రెండు ఊళ్ళ మధ్య తిరిగే బస్సులో విన్న ఒక మాట దగ్గరే నా పరిశోధన మొదలైంది. కోసిగి చుట్టుపక్కల ఊళ్ళలో పంటలు చేతికొచ్చాక జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే పనులు వెతుక్కుంటూ పోయే వలస. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కొందరు, తెలంగాణలో పత్తి తీయడానికి కొందరు, బెంగళూరులో కట్టుబడి పనులకు కొందరు. వీధులకు వీధులు తాళాలు పడతాయి. అయినా పంచాయతీ ఎన్నికల రోజున ఆ తాళాలు పడిన ఊళ్ళలోనే ఓట్లు ఎక్కువగా పడుతుంటాయి. "నాయకులు బస్సులు పంపుతారు, అందుకే వస్తారు," అని ఆ రోజు బస్సులో ఒకాయన తేల్చి చెప్పాడు. అందరూ చెప్పేదీ అదే.

నేను పోలింగు బూతులవారీగా లెక్కలు తీసి చూశాను. ఎవరూ బస్సు పంపని ఊళ్ళకూ జనం వచ్చారు. సొంతంగా రైలెక్కి, లారీలెక్కి, కూలి పోగొట్టుకుని వచ్చారు. ఎందుకొచ్చారో అంకెలు చెప్పలేదు. అది తెలుసుకోవడానికి మిరప చేల పక్కన టార్పాలిన్ గుడిసెల్లో ఒక సుగ్గి కాలమంతా ఉన్నాను. అక్కడ ఒకామె, కోసిన కాయలు కుప్ప పోస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఓటేసేకి కాదక్కా మేమొచ్చేది. ఊర్లో ఉండామని సూపిచ్చుకునేకి. రాకపోతే ఈళ్ళు ఊర్లో ల్యారని రాసేస్తారు. పేరు పోయిందనుకో, బియ్యం పోతాయి, పింఛనీ పోతాది. అన్నీ పోతాయి."

అంతకు ముందు ఎన్నికల్లో తమ వీధిలో కొందరి పేర్లు అలాగే పోయాయని, ఊరి నాయకుడే తీయించాడని కూడా చెప్పింది. నా థీసిస్‌లో వెన్నెముక లాంటి అధ్యాయం ఆ మాటల మీద, అలాంటివే మరికొందరి మాటల మీద నిలబడింది. ఆమె పేరు గాని, ఊరి పేరు గాని నేను రాయలేదు. ఆనవాళ్ళు కూడా మార్చాను. కానీ థీసిస్ చివరి వడపోతకు వచ్చిందని తెలియగానే ఒక విలేకరి జిల్లా పేజీలో చిన్న వార్త రాశాడు. కోసిగి అన్నాడు, కాలనీ అన్నాడు, తీసేసిన పేర్లన్నాడు. ఆ ఊరివాళ్ళు తమ ఊరేనని పోల్చుకోవడానికి ఆ మూడు మాటలు సరిపోయాయి. పంచాయతీ ఎన్నికలు మళ్ళీ వస్తున్నాయని అందరూ అనుకుంటున్న రోజులవి.

ఆయన రావడం సరిగ్గా అప్పుడే.

మా ఇంట్లో కాఫీ తాగుతూ ఆయన నా థీసిస్ ఒళ్ళో పెట్టుకున్నారు. పక్క వీధి నుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. పేజీల అంచున పెన్సిలుతో గీతలున్నాయి.

"లెక్కల భాగంలో నాకు అనుమానం లేదమ్మా. ఆ అంకెలు ఎవరైనా మళ్ళీ తీసి చూసుకోవచ్చు. నేనూ కొన్ని చూసుకున్నాను. కానీ ఈ అధ్యాయం ఉంది చూడండి, ఇందులో ఉన్నది మీకూ ఆమెకూ మధ్య జరిగింది. ఆమె ఉందనీ, ఈ మాట అన్నదనీ నేనెట్లా నమ్మాలి?"

"నేను రాశాను కదా సార్."

"రాయడం తేలిక. ఇంత చక్కగా, ఇంత సరిపోయేట్టు మాట్లాడే మనిషి దొరికిందంటేనే నాకు భయం. నా సర్వీసులో ఇట్లాంటి మాటలు కల్పించి రాసినవాళ్ళను చూశాను. మీరు అట్లాంటివారని అనడం లేదు. కాదని ఎట్లా తెలుసుకోవాలి అని అడుగుతున్నాను. రికార్డింగు వినిపించండి. లేదా ఆమె దగ్గరికి తీసుకుపోండి. ఫోనులో మాట్లాడించినా చాలు."

ఆయన అడిగింది అన్యాయమైతే నాకు సులువుగా ఉండేది. కోప్పడి ఊరుకునేదాన్ని. ఆ కుర్చీలో నేను కూర్చున్నా అదే అడిగేదాన్ని. కానీ ఆ రికార్డింగులో ఆమె గొంతు ఉంది, పక్కన చంటిబిడ్డను ఆమె పిలిచిన పేరు ఉంది, వీధి పేరు ఉంది. ఆయన ఒక్కరే వింటే ఏమీ కాకపోవచ్చు. కానీ సంఘం ఒక కాపీ అడిగితే ఇవ్వాలి. అక్కడి నుంచి అది ఎక్కడికి పోతుందో నా చేతుల్లో ఉండదు. టేపు ఆపాక ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "నా గొంతు ఎవరికీ వినిపీయవు కదక్కా?" వినిపించనని చెప్పాను.

"ఇవ్వలేను సార్," అన్నాను.

"ఇవ్వకపోతే నేను సరే అనలేను. అది కూడా మీకు తెలియాలి."

అప్పుడే నా ఫోను మోగింది. తెరమీద నెంబరు చూసి లేచి పెరట్లోకి వెళ్ళాను.

"అక్కా, నేను," అంది ఆమె. వెనక ఎవరివో కేకలు, ట్రాక్టరు చప్పుడు. "మా మరిది ఫోను సేసినాడు. ఆళ్ళ మనిషి కాలనీకి వచ్చి అడుగుతాండాడంట. ఆ మేడంతోటి మాట్లాడినామె ఎవురు, ఎవురు అని. ఇంటింటికీ పోతాండాడంట. ఇప్పుడేంజేయాలక్కా?"

"నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా?"

"నేనేంటికి సెప్తాను? నువ్వు సెప్పినావేమో అని..."

"లేదు. చెప్పను."

"నిజ్జంగా?"

"నిజంగా."

ఆమె ఊపిరి వినిపించింది. తర్వాత, "మా మరిది బో బయపడ్తాండాడు," అని పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి ఆయన నా ముఖంలోకి చూస్తున్నారు. "ఆమేనా?" అన్నారు మెల్లగా.

గ్లాసులు తీసి వంటింట్లో పెట్టి వచ్చాను. వంటింట్లో ఉండగానే నాకు ఒక ఆలోచన వచ్చింది. అది తెలివైన ఆలోచనో, పురస్కారం పోతుందన్న కంగారులో పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

"సార్, ఆమె ఒక్కతే అన్నదైతే నా పరిశోధన నిలబడదు. నేను రాసింది నిజమైతే అది ఒక్క ఊరిలో ఉండదు. నేను అడుగుపెట్టని ఊరు ఒకటి మీరే ఎంచుకోండి. రేపు పోదాం. మీరే అడగండి."

ఆయన థీసిస్ చివర్లో ఉన్న బూతుల పట్టిక తీసి చాలాసేపు చూశారు. కోసిగి దాటాక ఉన్న ఒక చిన్న ఊరి మీద పెన్సిలు ఆపారు. "ఇది?" అన్నారు. అక్కడ ఎప్పుడూ ఎవరినీ కలవలేదు. ఒప్పుకున్నాను.

"ఒక షరతు. మీరు అక్కడ నోరు విప్పకూడదు. ప్రశ్న నాది, జవాబు వాళ్ళది."

దానికీ ఒప్పుకున్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున నా పాత కారులో బయలుదేరాం. ఆదోనిలో కాలేజీ దగ్గర ఆగి సెలవు చీటీ ఇచ్చి వచ్చాను. ప్రిన్సిపాలు గది బయటకొచ్చి, "పురస్కారం ఖాయమేనా మేడం? గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టిద్దాం," అన్నారు. ఇంకా ఏమీ తేలలేదని చెప్పి వచ్చేశాను. జిన్నింగు మిల్లుల ముందు పత్తి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఊరు దాటాక ఆయన కిటికీ అద్దం దించి ఎండిన చేలను చూస్తూ, "మీ సిద్ధాంతం ఎక్కడ పనిచేయదో థీసిస్‌లో రాశారా?" అని అడిగారు.

"లేదు సార్."

"ఎందుకు?"

"అట్లాంటి ఊరు నాకు కనబడలేదు."

"వెతికారా?"

నేను గేరు మార్చాను.

ఆ ఊళ్ళో చాలా ఇళ్ళకు తాళాలున్నాయి. ఒక ఇంటి ముందు మాత్రం షామియానా వేసి ఉంది. ఆ ఇంటి పెద్దామె దినాలట. వాటికోసం సుగ్గి నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి ఉన్నాయి. భోజనాలు ఇంకా మొదలు కాలేదు. పందిరి కింద ఒక పక్కన ఆడవాళ్ళు కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. ఆయన చెప్పులు విడిచి వాళ్ళకు కొంచెం ఎడంగా నేల మీదే కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని చేతులు కట్టుకున్నాను. హైదరాబాదు నుంచి వచ్చాననీ, సుగ్గికి పోయేవాళ్ళ గురించి తెలుసుకోవాలనీ ఆయన చెప్పారు. పోయినామె ఎట్లాంటి మనిషో అడిగారు, పనుల గురించి అడిగారు. వాళ్ళు బాగానే మాట్లాడారు. తర్వాత ఆయన అసలు ప్రశ్న అడిగారు.

"పోయినసారి పంచాయతీ ఓట్లకు మీరు సుగ్గి నుంచి వచ్చారా?"

ఎర్ర చీర కట్టుకున్న ఒకామె తల ఎత్తింది. "యాడొచ్చినాం సార్? మేము రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"ఏంటికి రావాల? ఆడ కాయలు కోసేది ఇడిసిపెట్టి, రెండు బస్సులు మారి, ఓటేసేకి ఏంటికి వస్తాం సార్? నువ్వొచ్చినావా వదినా?"

పక్కనామె కూడా రాలేదంది. ఇంకొకామె నవ్వింది. "మా మామ ఒక్కడే ఏసినాడు. ఆయప్ప ఈడనే ఉంటాడు కదా."

ఆ పెన్సిలు చుక్క పడిన ఊరు నా పరిశోధనను అరగంటలో కూల్చేసింది. ఎన్ని గుడిసెల్లో పడుకుని, ఎన్ని చేల గట్లమీద కూర్చుని విన్న మాటలో అవన్నీ ఒక్కసారిగా నాకే అనుమానంగా కనిపించాయి. నేను వినాలనుకున్నదే విన్నానా? ఆమె నాకు నచ్చేట్టు చెప్పిందా? పట్టికలో ఈ ఊరికి ఎదురుగా ఉన్న తక్కువ అంకెను నేను ఎందుకు పట్టించుకోలేదు? నోటిదాకా ఒక ప్రశ్న వచ్చింది. అడగకూడదు. ఆయన నా వైపు చూశారు. నేను అడుగుతానేమో అని చూసినట్టుంది. పళ్ళు బిగపట్టి ఊరుకున్నాను.

ఆయన తన కాగితం మీద ఏదో రాసుకుని, మళ్ళీ అడిగారు.

"మరి మీరు ఊర్లో లేరని ఓటర్ల జాబితాలో మీ పేర్లు తీసేయరా?"

"ఎవురు తీస్తారు?" అంది ఎర్ర చీరామె. ఆ ప్రశ్నకే ఆమె ఆశ్చర్యపోయింది. "మా పొదుపు సంఘం లీడరక్క ఉంది కదా. ఆ జాబితా సూసేకి సార్ వస్తే అరుగు మీద కూసోబెట్టి అన్ని పేర్లూ సదివిస్తాది. ఈమె యాడుంది, ఆమె యాడుంది అని ఆయప్పకు సెప్తాది. పోయినసారి మా చెల్లెలు పేరు ల్యాకపోతే మండలం ఆఫీసు కాడికి పోయి కూసునింది. రాసినాంకనే లేసింది."

"ఆమె లేకపోతే?"

ఉల్లిగడ్డలు తరిగే చేతులు ఆగాయి. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వయసులో పెద్దామె మెల్లగా అంది. "ఆయమ్మ ల్యాకముందు మేమూ వస్తాంటిమి. బిడ్డలను సంకనేసుకోని వస్తాంటిమి. రాకపోతే పేరు ఉంటాదా?"

ఆయన రాయడం ఆపారు. నేను తల దించుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని భయం వేసింది. అక్కడ ఒకరి దినాలు జరుగుతున్నాయి, నా ఏడుపు వాళ్ళకు ఇంకోలా అర్థమయ్యేది.

భోజనం చేసి పొమ్మని వాళ్ళు పట్టుబట్టారు. తినే బయలుదేరాం. కారులో కూర్చున్నాక ఆయన తన కాగితం మళ్ళీ చదువుకున్నారు. ఆ పెద్దామె మాటతో నేను గెలిచినట్టా, ఎర్ర చీరామె మాటతో ఓడినట్టా అన్నది ఆయన ముఖం చూస్తే తెలియలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

కోసిగిలో టీ తాగుదామని ఆయనే అన్నారు. రోడ్డు పక్క హోటలు బయట బల్ల మీద కూర్చున్నాం. టీ ఇంకా రాలేదు. ఒక మోటారు సైకిలు మా కారు వెనక ఆగింది. దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. సుగ్గిలో నాతో మాట్లాడిన ఆమె ఊరి నాయకుడి తమ్ముడు, పరిశోధనకు ఆ ఊరు పోయినప్పుడు చూశాను. కాలనీలో ఇంటింటికీ తిరుగుతున్న మనిషి ఇతనేనని ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. తెల్ల చొక్కా, మెడలో కండువా. నమస్కారం పెట్టి మా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు.

"కారు సూసి ఆగినా మేడం. బాగుండారా?"

"బాగున్నానన్నా."

"మా ఊరి గురించి పెద్ద పుస్తకం రాసినారంట. పేపర్లో వచ్చింది. సంతోషం. మా ఊరికి మంచి పేరు తెచ్చినారు." నవ్వుతూనే ఉన్నాడు. "ఎవురు సెప్పినారు మేడం ఆ మాటలు?"

"చాలా ఊళ్ళవాళ్ళు చెప్పారన్నా."

"చాలా ఊర్లు కాదు. మా ఊరామె ఎవురు? సెప్తే మేము మేము మాట్లాడుకుంటాం. తప్పుంటే సరిజేసుకుంటాం. మీకేం పోతాది?"

"పేర్లు చెప్పనని మాటిచ్చానన్నా."

అతను ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు. "మీరు సెప్పొద్దులే. నేనే సెప్తా. బోరింగు కాడ ఇల్లు, ఆమెనా?"

ఆమె కాదు. కాదు అనే మాట నాలుక కొనదాకా వచ్చింది. ఏ పాపమూ ఎరగని మనిషిని తప్పించాలనే తొందర అది. అప్పుడు అర్థమైంది అతను ఏం చేస్తున్నాడో. ఈమె కాదంటే తర్వాతామెను అడుగుతాడు. ఆమె కాదన్నా ఇంకొకరిని. ఏదో ఒక పేరు దగ్గర నేను కాదనలేక ఆగిపోతాను. అతనికి కావలసింది అదే.

"అవుననీ చెప్పనన్నా, కాదనీ చెప్పను," అన్నాను.

"మిషను కుట్టేటామె?"

"అవుననీ చెప్పను, కాదనీ చెప్పను."

టీ గ్లాసులు వచ్చాయి. ఒకటి తీసుకున్నాను. బల్ల మీదే పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. అతని కళ్ళు నా ముఖం మీద నుంచి కదలడం లేదు.

"చర్చి ఎనకాల ఇల్లు. సుగ్గికి గుంటూరు సైడు పోయినారే, ఆమె?"

గొంతు ముందు రెండుసార్లు ఎలా పలికిందో అలాగే పలకాలి. తొందరగా అనకూడదు, ఆగి అనకూడదు. గ్లాసు అంచు మీద వాలిన ఈగను చూస్తూ అన్నాను. "ఎవరి గురించి అడిగినా నా జవాబు అదేనన్నా. ఊరంతా చెప్పుకుంటూ పోయినా అదే."

సరిగ్గానే పలికిందో లేదో నాకు తెలియలేదు. అతను వెనక్కి వాలి నన్ను చూస్తూనే ఉన్నాడు. అప్పుడు సారు టీ గ్లాసు కింద పెట్టారు.

"బాబూ, నేను హైదరాబాదు నుంచి వచ్చాను. ఈమెకు బహుమతి ఇవ్వాలా వద్దా అని చూడ్డానికి వచ్చినవాణ్ణి. నువ్వు అడిగిన ప్రశ్నే నేను నిన్నటి నుంచి అడుగుతున్నాను."

"సెప్పిందా సార్?"

"చెప్పలేదు. చెప్పకపోతే బహుమతి రాదన్నాను. అయినా చెప్పలేదు. ఇంక నీకు చెబుతుందా?"

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. లేచి కండువా సర్దుకున్నాడు. "ఎలచ్చన్లు కానీ మేడం. అందరమూ ఈడనే ఉంటాం కదా. మా ఊరికి మాత్రం ఇంగ రావాకండి," అని మోటారు సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ టీ నేను తాగలేకపోయాను. డబ్బులిచ్చి కారు తీశాను. ఆదోని స్టేషనులో రైలెక్కే ముందు ఆయన ఇలా అన్నారు. "ఆ మూడో ఆమె దగ్గర నేను కూడా మీ ముఖమే చూస్తూ ఉన్నానమ్మా. నాకేమీ తెలియలేదు." చేతిసంచీ భుజానికి తగిలించుకుంటూ, "కానీ అతనికి తెలియలేదని నేను చెప్పలేను. జాగ్రత్త," అన్నారు. పురస్కారం గురించి ఒక్క మాట లేదు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో గుర్తుచేసుకోవడం నాకిష్టం ఉండదు. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆమె మరిది మాత్రం అడపాదడపా, "ఇంగ రాలేదు మేడం ఆ మనిషి," అని చెప్పేవాడు. అది ధైర్యమిచ్చే మాటో, ముందు రాబోయేదానికి సూచనో తెలిసేది కాదు. ఈ మధ్యలో నేను థీసిస్‌కు ఇంకో అధ్యాయం రాసి సంఘానికి పంపాను. పేర్లు కాపాడే మనిషి ఊళ్ళో ఉంటే సుగ్గి జనం ఓటుకు రారు, అలాంటి మనిషి లేకపోతే వస్తారు. నా పాత మాట తప్పు కాలేదు గాని, దానికొక హద్దు వచ్చింది. ఆ హద్దు చూపించిన ఊరి పేరూ రాయలేదు.

పురస్కారం నాకే వచ్చింది. సంఘం పంపిన ప్రశంసాపత్రంలో ఆ పాత అధ్యాయం గురించి రెండు మాటలే ఉన్నాయి. మిగిలినదంతా, పరిశోధకురాలు తన వాదాన్ని తాను ఎంచుకోని ఊరికి తీసుకుపోయి పరీక్షకు పెట్టిందనీ, అక్కడ విన్న ఎదురుమాటను దాచకుండా కలుపుకుందనీ ఉంది. చదువుతుంటే గర్వం కన్నా ఎక్కువగా ఆ షామియానా కింద విన్న "మేము రాలేదు" అన్న మాటే గుర్తొచ్చింది.

మర్నాడు కాలేజీకి పోతే గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. నా ఫోటో, పక్కన పెద్ద అక్షరాలతో కోసిగి అన్న మాట. ప్రిన్సిపాలు గదికి పరుగెత్తాను. దించమని బతిమాలాను. ఆయనకు అర్థం కాలేదు. "పొగిడితే వద్దంటారేంటి మేడం?" అన్నారు. ఆ అక్షరాల వల్ల ఒక మనిషికి ప్రమాదమని చెబితే ముఖం చిన్నబుచ్చుకుని దింపించారు.

ఆమెకు నేనే స్వయంగా చెప్పాలనుకున్నాను. సెలవు పెట్టి ఆ మిరప చేలకు వెళ్ళాను. మధ్యాహ్నం ఎండలో ఆమె కాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి నవ్వలేదు. ముందు చుట్టూ చూసింది. కాలువ గట్టు దాకా నడిచాం. టీ హోటల్లో జరిగింది దాచకుండా చెప్పాను. చర్చి వెనక ఇల్లని అతను అన్న సంగతి చెప్పేటప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అనుమానం ఉండాది ఆయప్పకు," అంది. "ఉండనీలే. అనుమానం మాకు కొత్త కాదు."

రెండో ఊళ్ళో సంఘం లీడరు జాబితా చదివించే సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా వింది. ఆమె ఎట్లా అడుగుతుంది, ఆఫీసులో ఎవరి దగ్గర కూర్చుంది అని రెండుమూడు ప్రశ్నలు వేసింది. "మా వీదిలో మా మరిది పెండ్లాం పదో తరగతి సదివినాది," అని మాత్రం అంది.

తర్వాత, "బహుమానం ఏంటికిచ్చినారక్కా నీకు?" అని అడిగింది.

"మీరు చెప్పినవి రాసినందుకు."

"దాంట్లో నా పేరు లేదు కదా?"

"లేదు."

"మంచిదే." గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చుంది. "మంచిదే గానీ, నా కూతురు పెద్దయినాంక సెప్పుకుందామంటే యాడుంది అని అడుగుతాది. అప్పుడు ఏం సూపిచ్చాల?"

ఆమెను కాపాడటం గురించే ఇన్నాళ్ళూ ఆలోచించాను. ఆమెకు దక్కాల్సింది కూడా ఉందని ఎప్పుడూ ఆలోచించలేదు. మెచ్చుకోలు నా పేరు మీద వచ్చింది. భయం ఆమె వాటాకు వచ్చింది.

"సదువుతావా? నేనేమన్నానో నాకే గుర్తు లేదు," అంది.

సంచిలోంచి థీసిస్ తీశాను. ఆ పేజీ వెతికి మెల్లగా చదవడం మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. మధ్యలో ఒకచోట పెదవులు కదిపింది. ఇంకోచోట తల ఊపింది. అయిపోయాక, "ఇంగోసారి," అంది.

రెండోసారి సగం చదివానో లేదో, చేను వైపు నుంచి వాళ్ళ మేస్త్రీ రావడం కనిపించింది. కూలీలను ఊళ్ళ నుంచి తెచ్చి పని చూసే మనిషి అతను. వాళ్ళ ఊరివాడే. నేను చప్పున ఆపేశాను. పుస్తకం ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆమె నా చేతిలోంచి దాన్ని తీసుకుని ఒళ్ళో కొంగు కింద పెట్టుకుంది.

"ఎవురామె?" అన్నాడు మేస్త్రీ దగ్గరికి వచ్చి.

"మా చుట్టాలామెన్నా. ఆళ్ళింట్లో పెండ్లంట, పిల్సేకి వచ్చినాది."

ఆ అబద్ధం చెప్పేటప్పుడు ఆమె గొంతులో తడబాటు లేదు. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, పని దగ్గరికి తొందరగా రమ్మని ఆమెకు చెప్పి వెనక్కి తిరిగాడు. అతను కనుమరుగయ్యేదాకా ఆమె కదల్లేదు. తర్వాత పుస్తకం నా సంచిలో పెట్టి, చీరకు అంటిన గడ్డి దులుపుకుంది.

"బస్సుకు పోయేటప్పుడు ఆ చేను మీద నుంచి పోవాకక్కా. ఇట్ల కాలువెంట పో," అంది.

ఆమె చూపించిన దారినే నడిచాను. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే కుప్ప దగ్గర ఆడవాళ్ళ మధ్య వంగి కాయలు ఏరుతోంది. ఆ వంగిన వీపుల్లో ఆమె ఎవరో నేను కూడా పోల్చుకోలేకపోయాను.